చెవులు తగ్గాక ఎర్రమట్టి దిబ్బల్లో: నా అనుభవం

ఉద్యోగ విరమణ తరువాత నేను ఎర్రమట్టి దిబ్బల్లో నడవడం మొదలుపెట్టడానికి కారణం ప్రకృతి మీద ప్రేమ అని చెప్పుకుంటే వినసొంపుగా ఉంటుంది కాని, అది నిజం కాదు. మనుషుల మాటలనుంచి కొంతసేపు తప్పించుకోవాలన్నదే అసలు కారణం. ముప్పై ఏళ్ళకు పైగా ఒక కర్మాగారంలో భారీ యంత్రాల పక్కన పనిచేసి బయటికి వచ్చేసరికి నా వినికిడి బాగా తగ్గిపోయింది. రామకృష్ణా బీచి రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కనుక విశాఖపట్నంలో నడకకు అంతకన్న మంచి చోటు లేదని అందరూ అంటారు. నేనూ కొంతకాలం అక్కడికే వెళ్ళాను. అయితే నలుగురు మిత్రులు కలిసి నడిచేటప్పుడు ఒకరి ముఖం ఒకరికి కనబడదు, ఒకపక్కనుంచి అలల హోరు ఆగదు, ఆ రెంటి మధ్యా వారు చెప్పుకునే కబుర్లలో నాకు అందేది అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క. నవ్వవలసిన చోట నవ్వడం కోసం పక్కవాడి భుజాలు కదులుతున్నాయో లేదో చూసుకుంటూ నడవడం కన్న ఒంటరిగా నడవడమే సులువనిపించింది.

చెవి పరీక్ష చేసిన నిపుణురాలు నా ఆడియోగ్రాం చూపిస్తూ ఇచ్చిన వివరణ ఈ అనుభవమంతటికీ అవసరం కనుక ముందే చెప్పేస్తాను. మనిషి లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగంలో, సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. శబ్దానికి కదిలి, ఆ కదలికను నాడీ సంకేతంగా మార్చేవి అవే. రోజుకు ఎనిమిది గంటలపాటు 85 డెసిబెల్స్‌ను మించిన శబ్దంలో ఏళ్ళ తరబడి ఉన్నవారిలో అవి క్రమంగా నశిస్తాయి. సాధారణంగా ముందు దెబ్బతినేవి 4,000 హెర్ట్జ్ దరిదాపుల, అంటే సెకనుకు 4,000 సార్లు కంపించే సన్నటి శబ్దాలను పట్టే కణాలు. మనుషుల్లో ఒకసారి పోయిన కేశకణం మళ్ళీ పుట్టదు. దీని ఫలితం ఏమిటంటే, ఎదుటివారు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. అచ్చులు కింది స్థాయి (బొంగురు) శబ్దాలు కనుక నిలుస్తాయి, స, ష, త, ఫ వంటి హల్లులు పై స్థాయివి (సన్నటివి) కనుక రాలిపోతాయి. పిట్టల కూతల్లో అధిక భాగం ఆ రాలిపోయే వైపే ఉంటాయని కూడా ఆమె చెప్పింది. అప్పట్లో ఆ మాటను నేను పెద్దగా పట్టించుకోలేదు, పిట్టలతో నాకేం పని అనుకున్నాను.

ఎర్రమట్టి దిబ్బలు భీమునిపట్నం వెళ్ళే తీరపు దారిలో, నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. చాలామంది వాటిని సినిమా పాటల్లో చూసే ఉంటారు. చివరి మంచుయుగం ఉచ్చదశలో, అంటే సుమారు 20,000 సంవత్సరాల కిందట, సముద్రమట్టం ఇప్పటికన్న 100 మీటర్లకు పైగా దిగువన ఉండేది. అప్పుడు బయటపడిన సముద్రపు అడుగునుంచి గాలి మోసుకొచ్చిన ఇసుక ఈ తీరం వెంబడి మేటలు వేసింది. తూర్పు కనుమల రాళ్ళనుంచి వచ్చిన గార్నెట్ వంటి ఇనుముగల ఖనిజాలు కాలక్రమంలో శిథిలమై, ఆ ఇనుపతుప్పు ప్రతి ఇసుకరేణువుకూ పూతగా పట్టింది. ఆ పూత వల్లనే రంగు వచ్చింది, కొంత గట్టిదనమూ వచ్చింది. అందుకే ఇక్కడి దిబ్బలు థార్ ఎడారి దిబ్బల్లా గాలికి ఒకచోటినుంచి మరొకచోటికి జరిగిపోవు, వాననీటికి కోసుకుపోయి నిలువు గోడల మధ్య ఇరుకు గెడ్డలుగా, అంటే వాగులుగా, చీలిపోతాయి. కొన్నిచోట్ల దిబ్బ ఎత్తు 30 మీటర్ల దాకా ఉంటుంది. విలియం కింగ్ అనే భూవిజ్ఞాని 1886లోనే వీటి గురించి రాశాడు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి.

చూపుకు ఎడారే అయినా లెక్కకు ఇది ఎడారి కాదు. జైసల్మేరు వైపు ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప; విశాఖలో వెయ్యి మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా పడడం మామూలే. అయితే పడిన నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది, వాన వెలిసిన రెండు మూడు రోజులకే పైపొర పొడిబారుతుంది. వేసవి మధ్యాహ్నం ఆ నేల మీద చెప్పులు లేకుండా నిలబడలేము. కనుక ఈ దిబ్బల మీద బతికే చిన్న ప్రాణులకు ఎడారి ప్రాణులకుండే ఇబ్బందులే ఎదురవుతాయి: వేడికి దాక్కోవాలి, ఇసుకలో జారకుండా పరుగెత్తాలి, దాక్కోవడానికి చాటు లేని చోట ఒకదానికొకటి కబురందించుకోవాలి. ఈ చివరి విషయమే నన్ను అక్కడికి మళ్ళీ మళ్ళీ లాక్కెళ్ళింది.

మొదట్లో నేను తల వంచుకుని నడిచేవాణ్ణి. ఎదురుగా వచ్చేవారెవరూ పలకరించకుండా ఉండడానికి అదొక ఉపాయం. తల వంచుకుని నడిచేవాడికి ఇసుక తప్ప మరేమీ కనబడదు, ఇసుక మీద జాడలు తప్ప మరేమీ ఉండవు. దిబ్బలకు ఆనుకుని ఉన్న జీడితోటల పక్కన మేకలు కాసే ఒక పెద్దాయన నా వాలకం చూసి, నేనేదో పోగొట్టుకుని వెతుకుతున్నాననుకుని దగ్గరికి వచ్చాడు. నాకు సరిగ్గా వినబడదని తెలిశాక ఆయన గొంతు పెంచలేదు, చేతికర్రతో చూపించడం మొదలుపెట్టాడు. వినికిడి తగ్గినవారితో గట్టిగా అరవడమే మర్యాద అనుకునేవారి మధ్య బతుకుతున్న నాకు ఆ ఒక్క పనితోనే ఆయన మీద గౌరవం కలిగింది. ఒక జాడ దగ్గర కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "ఇది రేత్రిది కాదు బాబూ, తెల్లారగట్లది. మంచు సుక్కలు పడ్డాక నడిసింది. సుక్కల గుంటలు దీని కాలి కింద నలిగిపోనాయి, సూడండి." చూశాను. తెల్లవారుజామున కురిసిన మంచుకు ఇసుక పైపొరంతా సన్నటి గుంటలు పడి ఉంది; జాడ ఉన్నచోట మాత్రం ఆ గుంటలు లేవు. అంటే మంచు ముందు, నడక తరువాత. ఆ జాడ నక్కది.

జాడలు చదవడం నేర్చుకోవాలనుకునేవారికి నేను చెప్పగలిగినదల్లా ఇదే: పొద్దెక్కకముందు వెళ్ళాలి, సూర్యుడికి ఎదురుగా నడవాలి. ఏటవాలు ఎండలో చిన్న పల్లానికి కూడా నీడ పడుతుంది. ఎనిమిది దాటితే ఆ నీడలు చెరిగిపోయి ఇసుకంతా ఒకే తీరుగా కనబడుతుంది. పేర్ల కోసం తొందరపడకుండా, వచ్చిన దిక్కు, వెళ్ళిన దిక్కు, ఎక్కడ ఆగింది, ఎక్కడ పరుగెత్తింది అని చూసుకోవాలి. పేరు తరువాత దానంతట అదే తెలుస్తుంది. కుక్క జాడ అటూ ఇటూ తచ్చాడుతుంది, నక్క జాడ పని మీద పోయేవాడి నడకలాగా తిన్నగా ఉంటుంది.

నేను పేరు తెలుసుకుని, దాని కోసమే ఎదురుచూసి, గంటలు గంటలు కూర్చుని చూసిన మొదటి ప్రాణి ఒక తొండ. మన ఊరి తొండ కన్న చిన్నది, ఇసుక రంగుది. ఆంగ్లంలో దీన్ని విసనకర్ర గొంతు బల్లి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. వెనక కాలికి మిగతా తొండల్లా అయిదు వేళ్ళుండవు, నాలుగే ఉంటాయి. మరీ వేగం పుంజుకున్నప్పుడు ముందు కాళ్ళు ఎత్తేసి రెండు కాళ్ళ మీద పరుగెడుతుంది, అప్పుడు ఇసుకలో వెనక కాళ్ళ గుర్తులు మాత్రమే దూరదూరంగా పడతాయి. ఎండలు ముదిరే రోజుల్లో మగతొండ ఏదో ఒక మిట్ట మీదికెక్కి, గొంతు కింది చర్మాన్ని విసనకర్రలా విప్పి ముడుస్తుంది, మళ్ళీ విప్పుతుంది. దూరాన ఉన్న మరొక మగది తన మిట్ట మీదినుంచి అదే పని చేస్తుంది. ఇది నా చోటు అని చెప్పడానికీ, ఆడతొండను పిలవడానికీ అదే దాని పద్ధతి. ఆ పిలుపులో శబ్దం ఏమీ లేదు. ఆ దిబ్బల మీద జరుగుతున్న సంభాషణల్లో ఒకదాన్ని నేను ఎదుటివారికి ఏమాత్రం తక్కువ కాకుండా, ఒక్క ముక్క పోకుండా అందుకోగలుగుతున్నానని తోచినప్పుడు కలిగిన సంతోషం వింతైనది. చాలాకాలం తరువాత ఒక కబురు నాకు మొదటినుంచి చివరిదాకా అందింది. అది నాకోసం ఉద్దేశించినది కాదన్న సంగతి ఆ సంతోషాన్ని తగ్గించలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రకృతి తనతో మాట్లాడిందని చెప్పేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. నాతో మనుషులు మాట్లాడినదే సగం అందదు, కనుక ప్రకృతి మాట్లాడిందంటే నేను నమ్మను. ఆ తొండ నాతో ఏమీ చెప్పలేదు. నన్ను చూస్తే పారిపోతుంది. దాని పని అది చేసుకుంటుండగా నేను చూశాను, చూసినది నా స్థితికి దగ్గరగా ఉండడం వల్ల నాకు పనికొచ్చింది. అంతకు మించి అర్థం దానిలో ఉందని నేను అనుకోవడం లేదు.

అయితే ఈ ఎరుక నాకు మొదటినుంచీ ఉన్నది కాదు. మన ఇళ్ళల్లో జంతువులూ పిట్టలూ ఎదురైతే అర్థం సిద్ధంగానే ఉంటుంది. తీతువు అరిస్తే కీడు, దసరానాడు పాలపిట్ట కనబడితే శుభం, కలిసివచ్చినవాణ్ణి నక్క తోక తొక్కి వచ్చావా అని అడుగుతాం. మా నాయనమ్మ రాత్రివేళ తీతువు కూత వినబడితే లేచి కూర్చుని దేవుణ్ణి తలుచుకునేది. దిబ్బల అంచున, గెడ్డలో కాస్త నీరు నిలిచే చోట, తీతువులు ఎప్పుడూ ఉంటాయి. వాటి కూత బిగ్గరైనది, మరీ పై స్థాయిది కాదు, కనుక నాకింకా కొంత వినబడే కొద్ది కూతల్లో అది ఒకటి. మిగిలిన పిట్టలన్నీ వెళ్ళిపోయి, అపశకునమని పేరుబడ్డది మాత్రం నాకు మిగలడం చూసి మొదట్లో మనసు చివుక్కుమన్న మాట నిజం.

ఒక వేసవిలో తీతువు గూడు కనబడింది. గూడంటే ఏమీ లేదు, నేల మీద చిన్న పల్లం, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టిరంగు మచ్చల గుడ్లు. పక్కనే అడుగు పెట్టినా గుర్తుపట్టలేము. దూరంగా జరిగి, ఒక తాటిచెట్టు మొదట్లో కూర్చుని చూశాను. పిట్ట వెంటనే రాలేదు, వేరే దిక్కున గోలగోలగా అరుస్తూ ఎగిరి, గూడు అటు ఉందని నన్ను నమ్మించడానికి చాలాసేపు ప్రయత్నించింది. పొద్దెక్కాక నీటి దగ్గరికి వెళ్ళి, పొట్ట కింది ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంది. మండే నేల మీద గుడ్లు ఉడికిపోకుండా ఈ జాతి పిట్టలు చేసే పని ఇదేనని తరువాత చదివి తెలుసుకున్నాను. రాత్రివేళ అది ఎందుకు అరుస్తుందో అప్పుడు బోధపడింది: నక్కో, అడవి పిల్లో, మనిషో గుడ్ల దగ్గరికి వస్తే అరుస్తుంది. ఎవరింట్లో ఎవరు పోతారో దానికి పట్టదు. మా నాయనమ్మకు ఈ సంగతి చెప్పే అవకాశం లేదు. ఉన్నా ఆమె ఒప్పుకునేది కాదు. కాని ఆ కూత వినబడినప్పుడు ఇప్పుడు నాకు గుర్తొచ్చేది తడిసిన పొట్టతో పరుగుపరుగున వచ్చే ఆ తల్లే.

ఇసుకను చెవిగా వాడుకునే ప్రాణుల సంగతి మరొకటి ఉంది. జీడిచెట్ల నీడలో, వాన తగలని మెత్తటి దుమ్ములో, గరాటు ఆకారపు చిన్న చిన్న గుంటలు కనబడతాయి. గుంట అడుగున ఒక పురుగు దవడలు మాత్రం పైకి పెట్టుకుని దాక్కుని ఉంటుంది. చీమ అంచున జారితే ఇసుక రేణువుల కదలికను బట్టి కనిపెట్టి, తలతో ఇసుక విసిరి దాన్ని లోపలికి లాగుతుంది. చిన్నప్పుడు గడ్డిపరకతో ఆ గుంటలను కదిపి ఆడుకోని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. అలాగే ఒక ఉదయం, వాన పడిన మరునాడు, రెండు తలల పామని పిలిచే మొద్దుతోక పాము ఒకటి గెడ్డ అడుగున సగం ఇసుకలో కూరుకుని కనబడింది. విషం లేనిది, నెమ్మదైనది. దాన్ని పట్టి అమ్మడం వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. పాములకు బయటికి కనబడే చెవి లేదు కాని, అవి పూర్తిగా చెవిటివి కావు. నేలకు ఆన్చిన కింది దవడ ఎముక ద్వారా ప్రకంపనలు లోపలి చెవికి చేరతాయి. నేను అడుగు వేయగానే ఆ పాము నిశ్చలమైపోయింది, ఆగితే మళ్ళీ కదిలింది. అడుగు వేయడం, ఆగడం, మళ్ళీ వేయడం అని పరీక్షిస్తూ కాసేపు నిలబడ్డాను. ఇంట్లో వంటగదిలో మూత కిందపడితే ఆ చప్పుడు నాకు చెవికన్న ముందు అరికాలికి తెలుస్తుంది; యంత్రాల దగ్గర కూడా బేరింగు పాడవుతోందని మేము చెవితో కాక, యంత్రానికి చెయ్యి ఆనించి కనిపెట్టేవాళ్ళం. ఆ విద్య నా ఒంట్లో ఎప్పటినుంచో ఉందని, దాన్ని నేను వినికిడి కింద లెక్క వేసుకోలేదని ఆ గెడ్డలో నిలబడి గ్రహించాను.

అన్నిటికన్న ఎక్కువ కష్టపెట్టినవి పసిరిక పిట్టలు. ఆకుపచ్చటి ఒళ్ళు, కళ్ళ మీదుగా నల్లటి గీత, తోక చివర సన్నగా పొడుచుకొచ్చిన రెండు ఈకలు. దిబ్బల నిలువు గోడల్లో అవి ముక్కుతో, కాళ్ళతో తవ్వి సొరంగాలు చేసుకుంటాయి. మార్చి నెల వచ్చేసరికి గోడ కింద తాజాగా రాలిన ఎర్రటి పొడి చూసి ఏ సొరంగంలో పని జరుగుతోందో చెప్పవచ్చు. వాటి కూత నాకు వినబడదు. ముక్కు తెరవడం, గొంతు అదరడం కనబడుతుంది, శబ్దం రాదు. ఆగిపోయిన టీవీలో బొమ్మలు చూస్తున్నట్టు కాదు అది. అంతా కదులుతూనే ఉంటుంది, నేను మాత్రమే బయట ఉన్నాననిపిస్తుంది. ఆ రోజుల్లోనే, చెవి గురించి చదువుతుండగా, పిట్టల్లో దెబ్బతిన్న కేశకణాలు తిరిగి పుడతాయన్న సంగతి తెలిసింది. 1980ల్లో కోడిపిల్లల మీదా, కౌజుపిట్టల మీదా చేసిన పరిశోధనల్లో ఇది బయటపడింది. 1988లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. పెద్ద శబ్దానికి పోయిన వినికిడి వాటికి కొద్ది వారాల్లో తిరిగి వస్తుంది. పాలిచ్చే జంతువులకు ఆ సదుపాయం లేదు, ఎందుకు లేదో తేల్చడానికి ఇప్పటికీ పనిచేస్తున్నారు.

ఈ సంగతి తెలిశాక కొన్నాళ్ళు దిబ్బల వైపు పోలేదు. ఓదార్పు కలగవలసిన చోట అసూయ కలిగింది. చిటికెనవేలంత పిట్టకున్న వరం నాకు లేకపోవడం అన్యాయమనిపించింది. అసూయ తగ్గడానికి కారణం ఏ తత్త్వమూ కాదు, ఆ పిట్టలే. మళ్ళీ వెళ్ళినప్పుడు గోడకు ఎదురుగా కూర్చున్నాను. ఒక పిట్ట తూనీగను ముక్కున కరుచుకుని వచ్చి, కొమ్మ మీద వాలి, సొరంగంలోకి పోకుండా నావైపే చూస్తూ ఉండిపోయింది. నేను తల పక్కకు తిప్పుకుంటే పోయింది, ఇటు చూస్తే ఆగింది. పుణేకు చెందిన పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్న మీదే పనిచేసి, గూడు ఉన్న చోటు ఎదుటి శత్రువుకు కనబడుతోందా లేదా అన్నదాన్ని బట్టి ఈ పిట్ట ప్రవర్తన మారుతుందని 2002లో ప్రచురించారని తరువాత చదివాను. అంటే నా చూపు ఎటుందో ఆ పిట్ట లెక్క కడుతోంది. నేను బయట లేను. నన్ను అది తన లెక్కలోకి తీసుకున్నది, శత్రువుగానే కావచ్చు. అప్పటినుంచి గోడకు పక్కవాటుగా, తల కిందికి వంచి కూర్చోవడం అలవాటు చేసుకున్నాను; అది పిల్లలకు మేత పెట్టుకోవడానికి నేను అడ్డు కాకూడదు కదా.

ఆరుద్ర కార్తెలో ఒక ఉదయం సంగతి క్లుప్తంగా చెబుతాను. తొలకరి గట్టిగా పడిన మరునాడు, ఎర్రటి ఇసుక మీద అంతకన్న ఎర్రటి ముఖమల్ గింజలు నడుస్తున్నాయి. ఆరుద్ర పురుగులు. ఎనిమిది కాళ్ళుంటాయి కనుక సాలీళ్ళకు చుట్టాలు. ఏడాదిలో అధికభాగం నేలలో ఉండి, తొలి వానలకు కొద్ది గంటలపాటు పైకి వచ్చి, అప్పుడే రెక్కలొచ్చి లేచిన ఉసుళ్ళను, చెదలను తిని మళ్ళీ లోపలికి పోతాయి. ఆ రోజు దిబ్బల మీద శబ్దానికి సంబంధించినది ఏదీ నేను పోగొట్టుకోలేదు, ఎందుకంటే వినవలసినది ఏదీ లేదు. మేకల పెద్దాయన అరచేతిలో ఒకదాన్ని పెట్టుకుని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. అంతే.

ఇక నక్క. జాడలు చూడగా చూడగా దాని దారి నాకు కంఠతా వచ్చింది: జీడితోట అంచునుంచి బయలుదేరి, ఒక మొగలి పొద పక్కగా గెడ్డలోకి దిగి, సముద్రం వైపు వెళ్ళి, తెల్లవారేలోపు తిరిగి వచ్చేది. జీడిపళ్ళు రాలే కాలంలో దాని పెంటలో పండు పిప్పి కనబడేది. దాన్ని ఎదురుగా చూడాలన్న కోరికతో చీకటి ఉండగానే వెళ్ళి, ఆ మలుపు దగ్గర కూర్చునేవాణ్ణి. చలికాలం కనుక తలకూ చెవులకూ తువ్వాలు గట్టిగా చుట్టుకున్నాను. గాలి సముద్రంనుంచి నావైపు వీస్తోంది, నా వాసన దానికి తగలదు. తూర్పు తెలవారుతుండగా మలుపు తిరిగి వచ్చింది. నన్ను చూడకుండానే ఆగిపోయింది. రెండు చెవులూ నిక్కించి, తల ఒకపక్కకు వంచి, మళ్ళీ మరొకపక్కకు వంచి, ఏదో ఒక చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకునే ప్రయత్నం చేసింది. నేను కదలలేదు, ఊపిరి కూడా బిగబట్టాను. అయినా ఆ చెవులు నామీదే స్థిరపడ్డాయి. కొంతసేపు అలా చూసి, భయపడిన జాడ లేకుండా, నాకు చోటిచ్చినట్టు పక్కకు తప్పుకుని వెళ్ళిపోయింది.

అది ఏం విన్నదో ఇంటికి వచ్చాక తెలిసింది. తువ్వాలు విప్పకుండా లోపలికి అడుగు పెట్టగానే మా ఆవిడ చెవులు మూసుకుని, "ఏవండీ, మీ మిషను ఈల వేస్తోంది" అంది. వినికిడి యంత్రం మీద ఏదైనా గట్టిగా కప్పితే, అది చెవిలోకి పంపే శబ్దం తిరిగి దాని మైకులోకే చేరి, సన్నటి ఈలగా మోగుతూ ఉంటుంది. ఆ ఈల నాకు వినబడని స్థాయిలో ఉంటుంది కనుక యంత్రం పెట్టుకున్నవాడిని నేనొక్కణ్ణే దాన్ని ఎరగను. కుక్కజాతి ప్రాణులకు పై స్థాయి శబ్దాలు మనకన్న చాలా బాగా వినబడతాయి. అంటే నేను నిశ్శబ్దంగా పొంచి ఉన్నాననుకున్న ఆ సేపంతా ఎడతెగకుండా కూస్తూనే ఉన్నాను. ఎవరికీ అర్థం కాని కూతను చెవులు నిక్కించి విని, ఇది ఏ ప్రాణిదో అని ఆలోచించి, హాని చేసేది కాదని తేల్చుకుని పోయిన మొదటి శ్రోత ఆ నక్క. ఈ ఆలోచన వచ్చాక ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాను. నక్క తోక తొక్కకపోయినా నా రోజు బాగుంది.

వెళ్ళాలనుకునేవారికి రెండు సంగతులు. ఆ నేల గట్టిగా కనబడినా గోడల అంచులు పెళుసు, వాన తరువాత విరిగిపడతాయి. అంచున నిలబడకూడదు, గోడల మీద పేర్లు చెక్కకూడదు, బళ్ళు ఎక్కించకూడదు. ఒక్క టైరు జాడ ఆ ఏటి తీతువు గూళ్ళను తుడిచేయడానికి చాలు. రెండవది నాలాంటివారి కోసం: దిబ్బల పైన సముద్రపు గాలి యంత్రం మైకులో పడి హోరెత్తిపోతుంది కనుక అక్కడ దాన్ని తీసి డబ్బాలో పెట్టుకోవడం మేలు, గెడ్డల్లోకి దిగాక గాలి తగ్గుతుంది, అప్పుడు పెట్టుకోవచ్చు.

ఈమధ్య మా ఆవిడ కూడా వస్తోంది. నాకు జాడలు తెలుసు, ఆమెకు చెవులున్నాయి. ఏదైనా వినబడితే చెయ్యి ఎత్తి, ఏ దిక్కునుంచో వేలితో చూపుతుంది. నేను ఆ దిక్కున వెతికి అది ఏమిటో చెబుతాను. మొన్న గెడ్డలో అలాగే చెయ్యి ఎత్తి, సన్నగా, తెంపు లేకుండా ఏదో పిట్ట కూస్తోందంది. గోడలన్నీ వెతికాను, తాటిమట్టలన్నీ వెతికాను, ఏమీ లేదు. లేదంటే ఆమె ఒప్పుకోలేదు, స్పష్టంగా వినబడుతోంది, మరీ దగ్గరలోనే ఉంది అంది. చివరికి అనుమానం వచ్చి, చెవిలోంచి యంత్రం తీసి ఆమె చేతికిచ్చాను. అప్పుడు ఆగిపోయింది.